నోరు విప్పిన పడవవాడు

ఇసోజిరో ముఖం జనానికి తెలియకముందే అతని వీపు తెలుసు. ఆ రోజుల్లో కత్తియుద్ధాల సినిమాల్లో హీరో ఎవరైనా కానివ్వండి, పడవ నడిపే సీను వచ్చిందంటే కెమెరా వెనకవైపుకి చేరేది. తెడ్డు వేస్తున్న ఆ వెడల్పాటి వీపు ఇసోజిరోది. కియోతోలో ఆడపిల్లలు ఆ వీపు చూసి నిట్టూర్చేవాళ్ళు. పొగడ్తలు మాత్రం హీరోలకి వెళ్ళేవి.

అతను తోసా తీరంలో ఇవగహమ అనే చేపల పల్లెలో పుట్టాడు. తాతదీ తండ్రిదీ సూర చేపల వేటే. తండ్రి పోయాక పడవ అన్న చేతికి వచ్చింది. తల్లి తొమె తలమీద గంప పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మేది. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, కొండకి ఇవతల నిలబడి “సేపలో!” అంటే అవతల ఊళ్ళో పిల్లులు లేచి కూచునేవట.

ప్రపంచయుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకి ఒక సినిమా కంపెనీ సముద్రం సీన్లు తీయడానికి ఆ ఊరొచ్చింది. హీరో హయసె ఉక్యో. అందగాడు, మర్యాదస్తుడు, నీళ్ళంటే భయం. పడవ ముక్కుమీద కత్తి దూసి నిలబడమన్నారు. నిలబడ్డాడు. అల వచ్చింది. పడవలో కత్తి మిగిలింది, హీరో మిగల్లేదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఇసోజిరో దూకాడు. నీళ్ళలో చేతికి జుట్టు దొరికింది. పట్టి లాగితే జుట్టొక్కటే పైకొచ్చింది.

“ఓర్నాయనో! తలకాయ ఊడిపోనాదిరా!” అని అరిచి, చేతిలో ఉన్నది పెట్టుడు జుట్టని తెలియక దాన్ని జాగ్రత్తగా పడవలోకి విసిరి, మిగతా మనిషి కోసం మళ్ళీ మునిగాడు.

ఒడ్డుకొచ్చాక ఉక్యో ఉప్పునీళ్ళు కక్కుతూనే నవ్వాడు. “నువ్వు నాతో కియోతో వచ్చెయ్. నేను పడవెక్కిన ప్రతిసారీ నువ్వు పక్కన ఉండాలి,” అన్నాడు. తొమె కొడుకుని ఎగాదిగా చూసి, “ఎల్లరా. ఆ బాబు మళ్ళీ మునిగిపోతాడేమో. పాపం, ఏలెడంత లేడు,” అని పంపించింది.

కియోతోలో ఉజుమసా అనే పేటలో ఉన్న స్టూడియోలో మొదటి నెలలోనే అతనికి ఒక మాట దొరికింది. భటుడి వేషం. పరిగెత్తుకొచ్చి “ప్రభువుల వారు వేంచేస్తున్నారు!” అనాలి. డైరెక్టరు సకకిబరా అంటే స్టూడియోలో ఈగ కూడా వాలేది కాదు. ఆయన చెయ్యి ఊపాడు. ఇసోజిరో పరిగెత్తుకొచ్చి మోకాలిమీద వాలి, గుండెనిండా గాలి పీల్చి అన్నాడు:

“దొరగోరొత్తన్నారు! బేగి లెగండి!”

రాజసభ రాజసభంతా కింద పడి దొర్లింది. మంత్రి మీసం ఊడిపోయింది. సకకిబరా ఒక్కడే నవ్వలేదు.

“ఇసోజిరో, ఈ స్టూడియోలో నువ్వు నోరు తెరిచేది అన్నం తినడానికే. అర్థమైందా?”

“అర్థమయినాది.”

“అదీ అనకు. తలూపు.”

ఇసోజిరో తలూపాడు. ఆ రోజునుంచి అతను శవం, మూగ కాపలావాడు, చీకట్లో నీడ, హీరో వీపు. దేనికీ బాధపడలేదు. శవం వేషంలో ఎండలో పడుకుంటే హాయిగా నిద్రపట్టేది. ఒకసారి అలా చచ్చిపడి గురక పెట్టినందుకు తిట్లు తిన్నాడు. అంతకు మించి అతని జీవితంలో కష్టమేమీ లేదు.

కష్టం కాని కష్టం ఒకటి ఉంది. పేరు నత్సుయె. పెట్టుడు జుట్ల గదిలో పనిచేసేది. తరతరాలుగా కియోతో మనుషులు. వాళ్ళ మాట తేనెలో ముంచిన సూదిలా ఉంటుంది, గుచ్చుకున్న సంగతి ఇంటికెళ్ళాక గాని తెలియదు. ఇసోజిరోకి ఇంటికెళ్ళినా తెలిసేది కాదు.

“అబ్బ, ఈ వేళ ఎంత బాగా చచ్చారండీ! గురక వినబడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కంగారుపడి పోయేవాళ్ళం కదండీ,” అనేది అతని తలకి జుట్టు బిగిస్తూ.

“అవునా?” అని అతను మురిసిపోయేవాడు. “రేపు ఇంకా బాగా సత్తాను.”

నత్సుయె చేతిలో దువ్వెన ఒక్క క్షణం ఆగేది. తన మాట తగిలి నొచ్చుకోని మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

అతని అదృష్టం బీవా సరస్సులో తిరిగింది. సకకిబరా తీస్తున్న సినిమాలో రాకుమారుడు శత్రువులనుంచి తప్పించుకుని రేవు దాటాలి. పడవవాడి వేషానికి పెట్టుకున్న హాస్యనటుడికి ఆ ఉదయం దవడ వాచి నోరు తెరుచుకోలేదు. ఎండ పోతోంది. “వీణ్ణి పెట్టండి. మాట్లాడే ముక్కలు తరవాత అతుక్కుందాం,” అన్నాడు సకకిబరా. ఇసోజిరో తెడ్డు పట్టాడు. మొదటిసారి కెమెరా అతని ముందుకొచ్చింది.

పడవ సరస్సు మధ్యకి వెళ్ళింది. రాకుమారుడు ఉక్యో దూరాన మండుతున్న కోటను చూసి లేచి నిలబడి, చెయ్యి చాచి, కన్నీళ్ళతో “నాన్నగారూ!” అనాలి. లేచాడు. కోటవైపు మొగ్గు ఎక్కువైంది. పడవ ఒక పక్కకి ఒరిగింది. కెమెరా తిరుగుతోందన్న సంగతి ఇసోజిరో ఒక్కసారిగా మరిచిపోయాడు.

“కూకోరా బాబూ, కూకో! కోట కాలితే కాలనీ, నువ్వు మునిగితే ఒవులు ఏడుత్తారు? నీయమ్మ కడుపు సల్లగుండ, సేపలకి మేతయిపోతావేటి? కూకోమంతంటే!”

భుజం పట్టి దబ్బున కూచోబెట్టాడు. రాకుమారుడు బుద్ధిమంతుడిలా కూచుని, తెల్లబోయి, చిన్న గొంతుతో “అలాగేనండీ” అన్నాడు.

 ఒడ్డున సౌండు రికార్డు చేసే పెద్దమనిషి చెవులకున్నవి తీసేసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి నవ్వుతున్నాడు. ఇసోజిరో పడవ ఒడ్డుకి తెచ్చి, తల వంచి, ఉద్యోగం పోయిందనుకుని నిలబడ్డాడు.

ఉక్యో ముందుకొచ్చాడు. “డైరెక్టరు గారూ, ఆ ముక్క తీసెయ్యకండి. మా అమ్మ పోయాక నన్ను ఇంత ప్రేమగా తిట్టినవాళ్ళు లేరు.”

 మర్నాడు సకకిబరా చిన్న గదిలో ఆ రీలు వేసి చూశాడు. ఒకసారి చూసి, “మళ్ళీ వెయ్యండి,” అన్నాడు. రెండోసారి అయ్యాక బయటికొచ్చి ఇసోజిరోని పిలిచాడు.

“నోరు తెరువు,” అన్నాడు.

ఇసోజిరో పళ్ళు చూపిస్తూ నోరు తెరిచాడు.

“అలా కాదయ్యా. ఇకనుంచి తెరువు.”

ఆ సినిమా ఊరూరా ఆడింది. పడవ ఒరగ్గానే హాలంతా ముందే నవ్వడం మొదలుపెట్టేది. దాని వెనకే ఇసోజిరోకి వంటవాడి వేషం, దొంగ సన్యాసి వేషం, దయ్యాలంటే భయపడే కాపలావాడి వేషం వచ్చాయి. అన్నిట్లోనూ అదే యాస, అదే గొంతు. వీధిలో నడిస్తే జనం ఆపి “ఒక్కసారి తిట్టండి సార్!” అని బతిమాలేవాళ్ళు. అతనుండే వీధిలో సోయా గింజలు రుబ్బి తోఫు చేసి అమ్మే ముసలాయన ఏకంగా అల్లుణ్ణి చెయ్యిపట్టి లాక్కొచ్చాడు.

“వీడు పొద్దెక్కేదాకా లేవడండీ. మేం చెబితే వినడు, మీరైతే...”

“బేగి లెగరా నాయనా. మామ ముసిలోడు, ఎన్నాళ్ళు రుబ్బుతాడు?” అన్నాడు ఇసోజిరో మొహమాటంగా. అల్లుడు ఆనందంతో ఊగిపోయి ఆ మాట వీధంతా చెప్పుకున్నాడు. మర్నాడు కూడా పొద్దెక్కాకే లేచాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కంపెనీ పెద్దలకి ఆశ పుట్టింది. ఇంత పేరున్నవాణ్ణి పడవవాడిగా ఉంచడమేమిటి, మహాప్రభువుని చేద్దాం అన్నారు. ప్రభువు యాసలో మాట్లాడకూడదు కదా. అందుకని రంగస్థలం మానేసిన ఒక ముసలి మాస్టారు దగ్గర మాట నేర్చుకోమని పంపారు. ఆ మాస్టారు బుగ్గలో ఉప్పులో ఊరబెట్టిన పుల్లపండు గింజ పెట్టించి, అది కదలకుండా మాట్లాడమనేవాడు. ఇసోజిరో ఏ పనైనా మనసు పెట్టి చేసేవాడు. వానాకాలం అయ్యేసరికి అతని నోట మాట నున్నగా పాలిష్ పట్టిన బియ్యంలా రాలడం మొదలైంది.

“ఎంత శుభ్రంగా మాట్లాడుతున్నారండీ,” అంది నత్సుయె ఒక రోజు. “పక్కింటివాళ్ళు మాట్లాడుతున్నట్టే ఉంది.”

ఈసారి మాత్రం అతనికి గుచ్చుకుంది. ఎందుకో తెలియలేదు.

మహాప్రభువు సినిమా విడుదలైంది. పత్రికలు మర్యాదగా మెచ్చుకున్నాయి. హాళ్ళలో జనం కూడా మర్యాదగానే కూచున్నారు. తోసాలో అయినా సొంతవాళ్ళు చూస్తారని అక్కడి కొచి పట్నంలో పెద్ద హాలు మాట్లాడి, ఆట అయ్యాక ఇసోజిరో వేదికెక్కి జనానికి నమస్కారం పెట్టేట్టు ఏర్పాటు చేశారు. సకకిబరా కూడా వచ్చాడు. ఇవగహమ జనం లారీ ఎక్కి దిగారు. వాళ్ళందరికీ ముందు, తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని, తొమె.

ఆవిడ సినిమా చూడటం అదే మొదలు. కొడుకు సినిమాలు ఇన్ని వచ్చినా, చేపలు కుళ్ళిపోతాయని ఎప్పుడూ పట్నంలో ఆగలేదు. మ్యాట్నీ మొదలైంది. తెరమీద బంగారు తెర పక్కకి తొలగి మహాప్రభువు దర్శనమిచ్చాడు. “వసంతం వచ్చినది. మా హృదయమున మాత్రం మంచు కరగకున్నది,” అన్నాడు గంభీరంగా.

తొమె లేచి నిలబడింది.

“ఒరే ఇసో! నీ నోటికేటయినాదిరా?”

హాలు ఉలిక్కిపడింది. తెరమీద మహాప్రభువు వసంతం గురించి చెబుతూనే ఉన్నాడు.

“పన్ను గానీ నొప్పెడతందా? ఓలమ్మా, మొకం మావోడిదే, నోరు ఒవుల్దో పెట్టీసినార్రా! ఒరే, అమ్మని పిలుత్తంటే పలకవేటి?”

కొండకవతల పిల్లుల్ని లేపిన గొంతు అది. వెనక వరసలో ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ తరవాత హాలు హాలంతా పగిలిపోయింది. ఆ సినిమాకి ఎక్కడైనా వచ్చిన మొదటి నవ్వు అదే. ముందు వరసలో ఇసోజిరో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. చేతుల వెనక అతను కూడా నవ్వుతున్నాడు. గుండెల్లో ఏదో గింజ ఊడి పడినట్టయింది.

ఆట అయ్యాక తొమె నేరుగా సకకిబరా దగ్గరికి వచ్చింది. “నువ్వేనా బాబూ, నా కొడుకు నోరు పాడుసేసినోడివి?”

స్టూడియోలో ఈగని వాలనివ్వని మనిషి నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు. “నేనేనమ్మా. తప్పయిపోయింది. మీరు కియోతో వచ్చి, కెమెరా ముందు వీణ్ణి ఇలాగే తిట్టాలి. మిమ్మల్నిద్దర్నీ పెట్టి సినిమా తీస్తాను.”

“తిట్టడానికి కియోతో దాకా ఎందుకు? ఇక్కడే తిడతాను.”

“చేపలమ్మే తల్లి కథమ్మా. గంప, చేపలు, అన్నీ మేమే తయారుచేయిస్తాం.”

“తయారుసేయించడమేటి? సేపలు తయారవుతాయా?”

“చెక్కతో చేసి రంగులేస్తారమ్మా,” అన్నాడు ఇసోజిరో తప్పు చేసినవాడిలా.

తొమె నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. “సెక్క సేపలా? నా గంపలోనా? మా అత్త ఎత్తిన గంపరా అది! నాను వత్తాను. సేపలు నాను తెత్తాను.”

తెచ్చింది. పెద్దకొడుకు పడవలో పట్టిన సూర చేపల్ని ఐసులో పెట్టి, ఓడమీదా రైలుమీదా కాపలా కాసుకుంటూ ఉజుమసాలో దిగింది. స్టూడియో గేటు దగ్గర సాయుధులైన సమురాయిలు టీ తాగుతుంటే, “తప్పుకోండి బాబూ, సేపలకి ఎండ తగులుతాది,” అని వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయింది.

కథ చిన్నదే. చాన్నాళ్ళకి ఇల్లు చేరిన పడవవాడు గుమ్మంలో నిలబడతాడు. తల్లి సంతోషం దాచుకుని తిడుతుంది. తొమె కెమెరా వెనకున్నాయన్ని చూసి ముందు “నువ్వేటైనా తిన్నావా బాబూ? సిక్కిపోయున్నావు,” అంది. అది కాగానే కొడుకువైపు తిరిగి, చెప్పులు గుమ్మంలో అడ్డదిడ్డంగా విడిచినందుకు అద్భుతంగా తిట్టింది. అంతా చప్పట్లు కొట్టారు. దీపం ఒకటి సరిగ్గా వెలగలేదు, ఇంకోసారి తిట్టమన్నాడు సకకిబరా.

“తిట్టినాను కదా?”

“మళ్ళీ అదే తిట్టాలమ్మా.”

“అదే తప్పుకి రెండుసార్లు తిడతారేటి? గుంటడు సెప్పులు సరిగ్గా ఎట్టీసినాడు. మళ్ళీ తప్పు సేత్తే మళ్ళీ తిడతాను.”

ఎవరెంత చెప్పినా కదల్లేదు. చివరికి ప్రతి టేకుకీ ఇసోజిరో కొత్త తప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆరేసిన వల తొక్కాడు. నీళ్ళ కుండ తన్నాడు. గంపలోంచి చేప ఎత్తి తోక పట్టుకుని ఊపాడు. ఆ చేపకి పడ్డ తిట్లకి గోడ అవతల వేరే షూటింగు ఆగిపోయి, అందరూ ఇక్కడికొచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఉక్యో, జుట్ల గదినుంచి నత్సుయె కూడా ఉన్నారు.

ఆఖరి టేకులో ఇసోజిరోకి తప్పులు అయిపోయాయి. ఏం చెయ్యాలో తోచక ఊరికే చేతులు జాపి నిలబడ్డాడు. తొమె తిట్టడానికి దగ్గరికొచ్చి, ఆ చేతులు పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసింది. బొటనవేలితో రుద్దింది.

“మెత్తబడిపోనాయిరా,” అంది. గొంతులో తిట్టు లేదు. “తాడు పట్టిన సేతులు. ఆడపిల్ల సేతుల్లాగ అయిపోనాయి.”

రాసిన కథలో ఆ మాట లేదు. ఇసోజిరోకి కెమెరా గుర్తులేదు, మాస్టారు గుర్తులేడు.

“కూడు తింతన్నానమ్మా,” అన్నాడు. “అలల్లో ఎల్లకుండానే కూడు తింతన్నాను. నువ్వు బెంగెట్టుకోకే.”

“బెంగెందుకురా? మెత్తగుంటే మంచిదే గదా,” అని తల్లి అతని మొహం తన తువ్వాలుతో, చేపల వాసన వేసే తువ్వాలుతో, తుడిచింది. సకకిబరా “కట్” అనడం మరిచిపోయాడు. రీలు అయిపోయి కెమెరా దానంతటదే ఆగింది.

మిగిలిన చేపలు పాడవకూడదని తొమె స్టూడియో పెరట్లోనే గడ్డి తెప్పించింది. వేషాలు తియ్యకుండానే దాసీలూ దొంగలూ ఇద్దరు షోగన్ దొరలూ కలిసి గడ్డి మోశారు. మంట భగ్గున లేచింది. సూర చేపల్ని పైపైన కాల్చి, దళసరిగా కోసి, ఉప్పూ వెల్లుల్లీ దట్టించి, పైన పుల్లనారింజ రసం పిండి అందరికీ పెట్టింది. ఉక్యో కిరీటం పక్కన పెట్టి చేత్తో తిన్నాడు. సాకే సారా గిన్నెలు తిరిగాయి.

నత్సుయె ఒక ముక్క తిని, అలవాటుగా నాలుక పదును పెట్టింది. “ఎంత ఘుమఘుమలాడుతోందండీ! ఈ వాసన మా గదిలో జుట్లకి పట్టుకుంటే సంవత్సరం పాటు మిమ్మల్ని తలుచుకుంటాం.”

“తలుసుకోండమ్మా, తలుసుకోండి!” అని తొమె ఆనందంగా ఇంకో రెండు ముక్కలు ఆమె ఆకులో వేసింది. “ఇంత బాగా తిన్న కియోతో గుంటని నిన్నే సూత్తన్నాను. పెళ్ళయినాదా?”

“అయ్యో, మాలాంటి వాళ్ళని ఎవరు చేసుకుంటారండీ?”

“ఇదిగో, మావోడు సేసుకుంతాడు. ఏరా?”

 ఇసోజిరో నోట్లో చేపముక్క అలాగే ఉంది. నత్సుయె జవాబు కోసం వెతుక్కుంది. చిన్నప్పటినుంచీ సూదులు దాచుకున్న పెట్టెలో ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

“ఆయన్ని అడగండి,” అంది చివరికి, తల వంచుకుని, మామూలు మాటగా.

“సేసుకుంతాను!” అన్నాడు ఇసోజిరో, ముక్క మింగకుండానే. పొలమారింది. ఇద్దరు షోగన్లు వీపు తట్టారు.

సినిమా కొత్త సంవత్సరానికి విడుదలైంది. అరచేతుల సీను దగ్గర నవ్వుతూనే జనం ముక్కులు చీదారు. కంపెనీ వాళ్ళు తొమెని ఇంకో సినిమాకి అడిగితే, “వేట మొదలయిపోనాది, ఇంక ఊసుపోక కబుర్లు నాకు కుదరవు,” అని ఊరెళ్ళిపోయింది. పెళ్ళి ఇవగహమలో జరిగింది. పడవలన్నీ రంగుల జెండాలు కట్టుకున్నాయి. కియోతోనుంచి వచ్చిన పెళ్ళివారిలో సకకిబరా పాటలు పాడాడు, ఉక్యో ఓడలో వాంతులు చేసుకుని ఒడ్డున తొమె చేతి గంజి తాగి కోలుకున్నాడు. నత్సుయె అత్తగారి దగ్గర చేపల వేలం పాట పాడటం నేర్చుకుని, రేవులో ముసలివాళ్ళ చేత ఔరా అనిపించింది.

ఇసోజిరో ఆ తరవాత చాలా ఏళ్ళు నటించాడు. మంత్రి వేసినా, సన్యాసి వేసినా, టీవీ వచ్చాక టీవీలో పోలీసు తాత వేసినా అదే యాస. కథలు రాసేవాళ్ళు అతని దగ్గరికి వచ్చేసరికి “ఇక్కడ ఇసోజిరో గారు ఏదో అంటారు” అని రాసి ఖాళీ వదిలేసేవాళ్ళు. తోసానుంచి పట్నాలకి పనికొచ్చిన కుర్రాళ్ళు, మాట చూసి నవ్వేవాళ్ళకి భయపడి నోరు కుట్టేసుకున్నవాళ్ళు, అతని సినిమాలకి గుంపులుగా వెళ్ళి ఇంటర్వెల్లో హాయిగా, గట్టిగా, సొంత యాసలో మాట్లాడుకునేవాళ్ళు.

ఎండ చురుక్కుమంటున్న ఒక మధ్యాహ్నం, జుట్టు పూర్తిగా నెరిశాక, ఆఖరి సినిమా ఆఖరి సీను అయిపోయింది. కుర్ర డైరెక్టరు పూలగుత్తి ఇచ్చి, ఏమైనా మాట్లాడమన్నాడు. ఇసోజిరో పూలు వాసన చూసి, చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ చూసి, “ఆకలేత్తంది. మీకెయ్యట్లేదేటి? రండి,” అని భోజనాల పాకవైపు నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు.